గెలుపులో డీలరు వాటా ఎంత?

ములుగు జిల్లా అంతా గాలించినా ఒక్క క్యాసినో కనిపించదు. ములుగు దాకా ఎందుకు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకున్న క్యాసినో బల్ల ఒక్కటీ లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం పేకాట శిబిరాలకు తాళం వేసింది. తెలంగాణ 2017లో ఆ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నేరాల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా డబ్బు ఆటల యాప్‌లు మూతపడ్డాయి.

అయినా ఆట మానినవాళ్లు తక్కువ, ఊరు దాటినవాళ్లు ఎక్కువ. గోవాలో పనజీ దగ్గర మాండోవి నదిలో తేలే ఓడలు, ఖాట్మండూ హోటళ్లు, కొలంబో క్యాసినోలు తెలుగు మాట వినబడని రోజంటూ లేకుండా నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. విమానం, హోటల్, భోజనం, పందేల చిప్స్ అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మే దళారులు పుట్టుకొచ్చారు. 2022 జులైలో హైదరాబాద్‌లో ఇలాంటి దళారులపై జరిగిన ఈడీ సోదాలు, 2023 మే నెలలో థాయ్‌లాండ్ పట్టాయాలోని ఒక హోటల్‌పై దాడి చేసి అక్కడి పోలీసులు 80 మందికి పైగా భారతీయులను పట్టుకోవడం ఈ వ్యాపారం ఎంత విస్తరించిందో బయటపెట్టాయి.

ఇలా మొదటిసారి వెళ్లినవాడికి ఆట తెలుసు. మూడు ముక్కలాట, లోపల-బయట, రమ్మీ ఇంట్లోనే వచ్చేస్తాయి. తెలియనిది ఒక్కటే. నాలుగు చేతులు వరసగా గెలిచాక పక్కవాడు ఒక చిప్‌ను ముక్కలు పంచే డీలర్ వైపు తోస్తాడు. ఆమె దాన్ని బల్లకు టక్కున తట్టి, ఒక సందులోంచి పెట్టెలోకి వదిలి, థాంక్యూ అంటుంది. తనూ ఇవ్వాలా? ఇస్తే ఎంత? చేతికివ్వాలా, బల్ల మీద పెట్టాలా? ఇవ్వకపోతే పిసినారి అనుకుంటారా? అసలు ఆమె చేసిన మేలేమిటి?

చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. హోటల్లో టిప్పుకు ఏదో ఒక కారణం చూపించవచ్చు: దోసె వేడిగా తెచ్చాడు, నీళ్లు అడక్కముందే పోశాడు. డీలర్ అలాంటి మేలేదీ చేయలేదు, చేయకూడదు కూడా. ఎవరికీ మేలు చేయకపోవడమే ఆ ఉద్యోగం. ఆటగాడికి అనుకూలంగా ఒక్క ముక్క కదిపినా అది మోసం, జైలు. గెలిచినప్పుడు వచ్చే డబ్బు డీలర్‌ది కాదు, ఓడినప్పుడు పోయే డబ్బు డీలర్‌కు చేరదు. అలాంటప్పుడు ఆ చిప్ దేనికి?

అమెరికాలో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. లాస్ వేగాస్ డీలర్లకు వచ్చే చిప్స్ ఆదాయమా, బహుమానమా అన్నది తగాదా. ఆదాయమైతే పన్ను కట్టాలి, బహుమానమైతే అక్కర్లేదు. ఓల్క్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1975లో నెవాడా జిల్లా కోర్టు డీలర్ల పక్షం వహించింది. డీలర్లు ఆటగాళ్లకు ప్రత్యేకంగా చేసే సేవ ఏదీ లేదు; ఇచ్చేవాళ్లు కూడా ఆడేవాళ్లలో కొద్దిమందే; వాళ్లు ఇచ్చేది ఆ క్షణపు ఉదారత వల్లనో మూఢనమ్మకం వల్లనో కాబట్టి అది బహుమానమేనని తేల్చింది. మరుసటి ఏడాది తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ తీర్పును తిరగేసింది. అదృష్ట దేవతలకు కప్పం కట్టి, అది పదింతలై తిరిగి రావాలని కోరుకునేవాడిది నిస్వార్థ దానం ఎలా అవుతుందన్నది ఆ కోర్టు తర్కం. పైగా ఆ డబ్బు రోజూ వస్తోంది, డీలర్లు దాన్ని లెక్క ప్రకారం పంచుకుంటున్నారు, దాన్ని నమ్ముకునే బతుకుతున్నారు. కాబట్టి అది ఆదాయమే, పన్ను కట్టాల్సిందే.

ఆ తీర్పులోని తర్కం ములుగు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తాడ్వాయి మండలం మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి ‘బంగారం’గా సమర్పిస్తారు. తీరాలని కోరుకునేవాళ్లు ముందే మొక్కుకుంటారు. అమ్మవార్ల గద్దెల చుట్టూ పెట్టిన వందల హుండీలను జాతర ముగిశాక హనుమకొండలోని టీటీడీ కల్యాణ మండపానికి తరలించి, కెమెరాల ముందు రోజుల తరబడి లెక్కిస్తారు. 2022, 2024 జాతరల్లో ఆ లెక్క 10 కోట్ల రూపాయలు దాటింది. ఆదాయంలో మూడో వంతు కోయ పూజారులకు వెళ్తుంది. ఇచ్చేవాడి మనసులో అది అమ్మకు చెల్లించిన మొక్కు. లెక్కల పుస్తకంలో అది ఆదాయం, కొన్ని కుటుంబాల జీవనాధారం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. జూదాన్ని జాతర పక్కన నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఇచ్చేటప్పుడు మనిషి మనసు ఎలా నడుస్తుందో ఆ రెండు చోట్లా ఒకే తీరుగా కనిపిస్తుంది, అంతవరకే ఈ పోలిక.

డీలర్‌కు ఇచ్చేది మొక్కు అని ఒప్పుకుంటే, చాలా వింతగా కనిపించే క్యాసినో మర్యాదలన్నీ ఒక్కసారిగా అర్థమవుతాయి. ఆ మర్యాదల అసలు పని ఆ మొక్కు లంచంగా మారకుండా చూడడం.

డీలర్ చేతిలో చిప్ పెట్టకూడదు. బల్ల మీద పెట్టి, డీలర్‌కు అని చెప్పాలి. ఆమె దాన్ని అందరికీ వినిపించేలా తట్టి, పై కెమెరాకు కనిపించేలా చూపి, తాళం వేసిన పెట్టెలోకి వదులుతుంది. బల్ల వదిలి వెళ్లేటప్పుడు డీలర్ రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు తిప్పి చూపడం కూడా అందుకే: చేతిలో ఏమీ దాచలేదని. చాలాచోట్ల డీలర్ల దుస్తులకు జేబులుండవు, ఉన్నా పైన ఏప్రన్ కట్టి మూసేస్తారు. టిప్పు అడగడం నిషేధం. అడిగి దొరికితే ఉద్యోగం పోతుంది. అడగకుండానే అడిగే కళ ఒకటి మాత్రం ఉంది. వెయ్యి రూపాయలు గెలిచినవాడికి ఒకే వెయ్యి చిప్ ఇస్తే టిప్పు రాలదు. అదే వెయ్యిని వందలుగా విడగొట్టి ఇస్తే ఒక వంద తిరిగి రావచ్చు. అనుభవమున్న డీలర్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఇంకో పద్ధతి, కొత్తవాళ్లకు తెలియనిది, డీలర్ పేరు మీద పందెం కాయడం. బ్లాక్‌జాక్‌లో తన పందెం ముందు చిన్న చిప్ ఒకటి పెట్టి అది డీలర్‌దని చెబుతారు. గెలిస్తే రెట్టింపు ఆమె పెట్టెలోకి, ఓడితే రెండూ క్యాసినోకు. డీలర్‌కు దీనివల్ల సగటున వచ్చేది నేరుగా ఇచ్చిన దానికన్నా రవ్వంత తక్కువే. అయినా ఆటగాళ్లు దీన్నే ఇష్టపడతారు. అంతసేపూ ఎదుట ఉన్న మనిషి ఇప్పుడు తన పక్షాన చేరి, తన ముక్క బాగా రావాలని కోరుకుంటున్నట్టు అనిపిస్తుంది. కోరుకుంటుందేమో కూడా. ఆ కోరికకు ముక్క మారదు.

ముక్క మారదని తెలిసినా మనసు ఒప్పుకోదు. 1967లో సమాజ శాస్త్రవేత్త జేమ్స్ హెన్స్లిన్, సెయింట్ లూయిస్ నగరంలో పాచికలాడే ట్యాక్సీ డ్రైవర్లను గమనించి రాశాడు: చిన్న అంకె కావాలంటే పాచికను మెల్లగా విసురుతారు, పెద్దది కావాలంటే గట్టిగా. 1975లో ఎలెన్ లాంగర్ ఒక డాలరు లాటరీ టికెట్లతో పరీక్ష పెట్టింది. టికెట్‌ను తానే ఎంచుకున్నవాడు తిరిగి అమ్మడానికి సగటున 8.67 డాలర్లు అడిగాడు. ఎవరో చేతిలో పెట్టిన టికెట్‌కు 1.96 డాలర్లే. మన పేకాట శిబిరాల్లో ‘చెయ్యి మంచిది’, ‘వాడు పంచితే పడదు’ అనే మాటలు ఈ శాస్త్రాన్ని ఎప్పుడో కనిపెట్టేశాయి. ఓడినప్పుడు డీలర్‌ను తిట్టేదీ, గెలిచినప్పుడు చిప్ ఇచ్చేదీ ఒకే నమ్మకం.

అసలు టిప్పు ఎక్కడైనా సేవను చూసి ఇచ్చేదేనా? మైకేల్ లిన్, మైకేల్ మెకాల్ అనే పరిశోధకులు 2000లో రెస్టారెంట్ల మీద వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, టిప్పు శాతంలో కనిపించే హెచ్చుతగ్గుల్లో సేవ నాణ్యతకు దక్కిన భాగం 2 శాతానికి లోపే. మిగతాదంతా అలవాటు, పదిమంది చూపు, ఆ పూట మనసు. ఆ పూట మనసు ఎంత పనిచేస్తుందో చూపే ప్రయోగం, యాదృచ్ఛికంగా, ఒక క్యాసినో హోటల్లోనే జరిగింది. 1990ల్లో బ్రూస్ రిండ్ అనే మనస్తత్వవేత్త, అట్లాంటిక్ సిటీలో గదులకు భోజనం తీసుకెళ్లే ఉద్యోగి చేత, బయట వాతావరణం తెలియని అతిథులకు ఒకసారి వాన పడుతోందని, ఒకసారి మబ్బుగా ఉందని, ఒకసారి ఎండ బాగుందని చెప్పించాడు. ఎండ అన్న మాటకే ఎక్కువ టిప్పు రాలింది. ఎండ చూడనే లేదు, వినడమే.

పదిమంది చూపు సంగతి మనవాళ్లకు మరీ బాగా తెలుసు. ఒగ్గు కథ జరిగే చోట ఎవరైనా నోటు చదివిస్తే కథకుడు కథ ఆపి, ఇచ్చినవాడి పేరు, ఊరు ఎలుగెత్తి చెప్పి, పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించి, అప్పుడు మళ్లీ కథలోకి వెళ్తాడు. పేరు వినబడ్డాక పక్కింటివాడు ఊరుకుంటాడా? బల్లకు చిప్ తట్టిన చప్పుడుదీ ఆ పనే. క్యాసినో దాన్ని కెమెరా కోసం పెట్టుకుంది. ఆటగాళ్లు మాత్రం దాన్ని తమ కోసం వింటారు. ఒక బల్ల దగ్గర ఒకడు మొదలుపెడితే మిగతావాళ్లూ అందుకోవడం చాలా సహజం, ముఖ్యంగా ఒకే ఊరి మిత్రబృందం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు.

దానికి తోడు చిప్ డబ్బులా అనిపించదు. ఐదు వందల నోటు తీసి ఇవ్వమంటే వెనకాడే చేయి, అంతే విలువ చేసే రంగు బిళ్లను చులాగ్గా తోసేస్తుంది. గెలిచిన సొమ్మయితే మరీను. రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో చూపించినట్టు, అప్పుడే గెలిచిన డబ్బును మనిషి తన సొంత డబ్బుగా లెక్కవేయడు, తెగించి ఖర్చుపెడతాడు. తెల్లవారితే అది ఎవరి సొమ్మో గుర్తుకొస్తుంది.

గెలుపులో ఆట నడిపినవాడికి వాటా ఉండాలన్నది ఇవాళ్టి ఆలోచన కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం గెలిచిన దానిలో నూటికి 5 జూదాధ్యక్షుడికి చెందాలంటుంది; పాచికల అద్దె, చోటు అద్దె, నీళ్ల ఖర్చు వేరే. యాజ్ఞవల్క్య స్మృతి జూదశాల నడిపే సభికుడికి పెద్ద గెలుపుల మీద 5 శాతం, మిగతావాటి మీద 10 శాతం రాసిచ్చింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. అంటే ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్న కాలంలోనే జూదపు వాటా సంగతి తెలుగువాళ్ల ధర్మశాస్త్ర చర్చలో ఉంది. ఓరుగల్లు వీధుల్ని చూపించే క్రీడాభిరామంలో కోడిపందేలు కూడా ఉన్నాయి. ఆ పందేల వారసత్వం ఇప్పుడు సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల్లో కోట్లలో నడుస్తోంది. అక్కడ డీలర్‌కు దగ్గరి చుట్టం కోడికాలికి కత్తి కట్టేవాడు. అతనికి కట్టుబడి డబ్బులుంటాయి. గెలిచిన పందెంగాడు పైన ఇనాం ఇస్తాడు. అయితే ఒక తేడా ఉంది. కత్తి కట్టే నేర్పు మీద పందెం ఫలితం నిజంగానే ఆధారపడుతుంది. కాబట్టి అది కూలీ, మొక్కూ రెండూను. డీలర్ విషయంలో ఆ కూలి భాగం లేదు.

ఆట నడిపేవాడు వసూలు చేసే రుసుం ఎప్పుడు నేరమవుతుందన్నది సికింద్రాబాద్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. కేసు 1967 నవంబరులో తేలింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, సభ్యులకు ఇచ్చే సౌకర్యాలకు కొంత రుసుం తీసుకున్నంత మాత్రాన క్లబ్బు జూదగృహం అయిపోదని కోర్టు చెప్పింది. దేశంలో రమ్మీ మీద నడిచిన చాలా కేసుల్లో ఆ సికింద్రాబాద్ తీర్పు పేరు వినబడుతుంది. క్లబ్బు కాకుండా ఊరి చివర మామిడితోటలో నడిచే శిబిరమైతే ఈ తర్కాలేవీ పనిచేయవు. అక్కడ ముక్కలు పంచినవాడూ, నడపడానికి సాయపడ్డవాడూ చట్టం ముందు నిందితులే. టీ అందించినందుకు గెలిచినవాడు పదో పరకో చేతిలో పెట్టిన కుర్రాడు కూడా మర్నాడు పోలీసుల విలేకరుల సమావేశంలో, పట్టుబడ్డ నగదు, సెల్‌ఫోన్లు, బైకుల వెనక వరసలో తలవంచుకుని నిలబడాల్సి రావచ్చు.

పెట్టెలో పడ్డ డబ్బు ఎవరిది అన్నది ఇచ్చేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. క్యాసినోలో ఎక్కువ బల్లల చిప్స్ ఒకచోట పోగుచేసి, పనిగంటల లెక్కన డీలర్లందరికీ పంచుతారు. ఇందులో న్యాయముంది: డీలర్లు బల్ల నుంచి బల్లకు మారుతుంటారు, గెలిపించిన ‘చేయి’ చిప్ వచ్చేసరికి విశ్రాంతి గదిలో ఉంటుంది. భద్రతా ఉంది: ఎవరి చిప్ వాళ్లదే అయితే ధారాళంగా ఇచ్చేవాడితో డీలర్ కుమ్మక్కయ్యే ఆశ పెరుగుతుంది. పోకర్ గదుల్లో మాత్రం చాలాచోట్ల ఎవరి టిప్పు వాళ్లదే. అక్కడ ఆట ఆటగాళ్ల మధ్యనే, క్యాసినో సొమ్ము బల్ల మీద లేదు.

పోగుచేసిన డబ్బు కనబడితే యజమానికి కన్ను పడకుండా ఉంటుందా? 2006 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లోని విన్ క్యాసినో, డీలర్ల చిప్స్‌లో పర్యవేక్షకులకూ వాటా పెట్టింది. పర్యవేక్షకులకు డీలర్ల కన్నా తక్కువ ముడుతోందని, పదోన్నతి తీసుకునేవాడే లేకుండా పోయాడని యాజమాన్యం వాదన. జీతం పెంచే బదులు మా పెట్టెలో చేయి పెట్టారని డీలర్ల వాదన. వాళ్లు 2007లో యూనియన్‌కు ఓటేశారు, కోర్టులకెళ్లారు. 2013లో నెవాడా సుప్రీంకోర్టు యాజమాన్యాన్ని సమర్థించింది. 2018లో అమెరికా కాంగ్రెస్ చేసిన సవరణ, యజమానులూ మేనేజర్లూ పర్యవేక్షకులూ సిబ్బంది టిప్పుల్లో వాటా తీసుకోకూడదని తేల్చింది. డీలర్ల వాదనే సరైందనిపిస్తుంది. యజమాని ఇవ్వాల్సిన జీతాన్ని ఆటగాడి మొక్కులోంచి సర్దడం, ఎంత నాగరికమైన మాటల్లో చెప్పినా, జీతం ఎగ్గొట్టడమే.

దేశదేశానికీ ఈ సర్దుబాటు వేరు. జర్మనీలో డీలర్‌కు ఇచ్చిన చిప్ అంతా ఉమ్మడి నిధిలోకి వెళ్లి, అందులోంచే జీతాలు వస్తాయి. ఫ్రాన్స్‌లోనూ సంప్రదాయ బల్లల డీలర్లు చాలాకాలం టిప్పుల మీదే బతికారు. అందుకే యూరప్ రూలెట్ బల్ల దగ్గర ఒకే అంకె మీద కాసి గెలిచినవాడు, వచ్చిన 35 చిప్స్‌లో ఒకటి సిబ్బందికి వదలడం పాత మర్యాద. ఆస్ట్రేలియాలో తద్విరుద్ధం, క్యాసినో డీలర్ టిప్పు తీసుకోవడమే నిషిద్ధం. బ్రిటన్ కూడా చాలాకాలం ఒప్పుకోలేదు, 2005 జూద చట్టం తర్వాతే అక్కడ దారి తెరిచింది. కాబట్టి మెల్‌బోర్న్‌లో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లిన తెలుగు పెద్దమనిషి, గోవా అలవాటుతో చిప్ తోస్తే, డీలర్ మర్యాదగానే వెనక్కి తోస్తాడు. అవమానం అనుకోనక్కర్లేదు.

గోవాలో ఎంత ఇవ్వాలనే ప్రశ్నకు లెక్కే మంచి జవాబు. బ్లాక్‌జాక్‌లో నియమాలు అనుకూలంగా ఉండి, తప్పుల్లేకుండా ఆడితే క్యాసినోకు మిగిలేది సుమారు అర శాతం. చేతికి ₹500 చొప్పున గంటకు 60 చేతులు ఆడేవాడు ₹30,000 కాస్తాడు, సగటున ₹150 పోగొట్టుకుంటాడు. ఇరవై నిమిషాలకోసారి వంద చిప్ ఒకటి ఇస్తే గంటకు ₹300. అంటే ఆట ఖర్చు మూడింతలైంది. అదే ₹30,000 రెండు సున్నాల రూలెట్ మీద పెడితే 5.26 శాతం చొప్పున ₹1,578 పోతుంది, ఆ పక్కన ఈ ₹300 పెద్దగా కనబడదు. విచిత్రమేమంటే, నెమ్మదిగా జాగ్రత్తగా ఆడేవాడికే టిప్పు భారం ఎక్కువ, కన్నుమూసుకుని ఆడేవాడికి తక్కువ. దీనికి పన్ను కూడా కలపాలి. చిప్స్ కొనడానికి కట్టే మొత్తం మీద 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ ఉంది. గెలిచినది కాక, కొన్న చిప్‌నే డీలర్‌కు తోస్తే అది ఆ పన్ను కట్టి తెచ్చుకున్నదే.

బల్ల దగ్గరి మర్యాద మాత్రం లెక్కకన్నా సులువు. ఎంత ఇవ్వాలో బల్ల దగ్గర కూర్చోకముందే, పందెం డబ్బుతో పాటు విడిగా అనుకోవాలి. గెలుపు వేడిలో తీసుకున్న నిర్ణయం ఎప్పుడూ పెద్దదవుతుంది. ఓడినవాడు ఇవ్వలేదని ఏ డీలరూ ముఖం ముడవదు. ఇవ్వడం కన్నా ముఖ్యం, ఓటమికి డీలర్‌ను తిట్టకపోవడం, ముక్కలు విసిరికొట్టకపోవడం, తాగిన మాటలు మాట్లాడకపోవడం. చిప్ ఇచ్చి నోరు పారేసుకునేవాడి కన్నా, ఏమీ ఇవ్వకపోయినా మన్ననగా ఆడి లేచేవాడినే డీలర్లు ఇష్టపడతారని అనుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అమెరికాలో ఓల్క్ తీర్పు వచ్చి యాభై ఏళ్లవుతున్న సమయంలో కథ ఇంకో మలుపు తిరిగింది. టిప్పుల మీద పన్ను తీసేస్తానని డొనాల్డ్ ట్రంప్ 2024 జూన్‌లో లాస్ వేగాస్ సభలోనే ప్రకటించాడు. అక్కడి ఓట్లలో టిప్పుల మీద బతికే కుటుంబాలవి ఎన్నో ఆయనకు తెలియంది కాదు. 2025 జులై 4న సంతకమైన చట్టం, టిప్పు ఆదాయంలో ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కలోంచి తగ్గించుకోనిచ్చింది. అర్హమైన వృత్తుల జాబితాలో క్యాసినో డీలర్లూ ఉన్నారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు మాత్రం యథాతథం. అట్లాంటిక్ సిటీలోనో వేగాస్‌లోనో బల్ల వెనక నిలబడే డీలర్‌కు ఈ వెసులుబాటు 2028 పన్ను ఏడాది వరకే.